పట్టువిడుపుల ధర్మం

పిత్తాశయంలో రాళ్లు చేరితే ఇప్పుడు పొట్టను పొడవునా కోయకుండా మూడు నాలుగు చిన్న రంధ్రాల గుండా పిత్తాశయాన్నే తీసేస్తున్నారు. జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఎరిక్ మ్యూహె 1985 సెప్టెంబరులో ఈ తరహా ఆపరేషన్ మొదటిసారి చేశాడు. ఇవాళ అది మన జిల్లా కేంద్రాల్లో కూడా రోజువారీ పని. పిత్తాశయాన్ని వేరుచేసే ముందు దానికి రక్తం తెచ్చే ధమనినీ, దాని నుంచి బయలుదేరే సన్నని నాళాన్నీ మూసేయాలి. రంధ్రం గుండా లోపల ముడి వేయడం కష్టం కనుక చిన్న టైటానియం క్లిప్పును నాళం మీద నొక్కి వదిలేస్తారు. ఆ క్లిప్పుతో పని కొద్ది వారాలే. ఈలోగా నాళం కొస మచ్చకట్టి తనంతట తాను మూసుకుపోతుంది. ఆ తరువాత క్లిప్పు ఉన్నా లేకున్నా ఒకటే, అయినా అది మనిషితో పాటు కాటి దాకా వస్తుంది. పని ముగిశాక ఒంట్లోనే కరిగిపోయే క్లిప్పును తయారుచేయాలని పరిశోధకులు శ్రమిస్తున్నది ఇందుకే. దీన్ని లోహశాస్త్రం వ్యవహారంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. వదలడం ఎప్పుడు ధర్మం అని మన తత్త్వచింతన తరతరాలుగా తర్కించిన ప్రశ్నే అందులోనూ ఉంది. వదలడం దానికదే సుగుణం కాదు. మోస్తున్న బరువును మరొకరు అందుకున్న తరువాత వదిలితే అది త్యాగం, అందుకోకముందే వదిలితే పలాయనం. ఈ మాటను నీతివాక్యంగా చెప్పి ఊరుకోనక్కర్లేదు. కరిగే క్లిప్పుల కోసం జరిగిన ప్రయత్నాలు, వాటిలో ఎదురైన దెబ్బలు దీనికి సాక్ష్యం పలుకుతాయి.

ముందుగా టైటానియం పక్షాన చెప్పవలసింది చెప్పాలి. దాని ఉపరితలం మీద ఏర్పడే పల్చని ఆక్సైడ్ పొర వల్ల అది తుప్పు పట్టదు, శరీరం దానితో పెద్దగా గొడవ పెట్టుకోదు, ఎంఆర్ఐ తీయడానికీ అడ్డు రాదు. కోట్ల మంది ఒంట్లో అది చడీచప్పుడు లేకుండా ఉండిపోతోంది. చిక్కులు అరుదు, కానీ లేకపోలేదు. స్కాన్ బొమ్మలో క్లిప్పు చుట్టూ నీడలు పడి, సరిగ్గా చూడవలసిన చోటే మసకబారుతుంది. మరీ అరుదుగా క్లిప్పు తన చోటు నుంచి మెల్లగా కదిలి ప్రధాన పిత్తనాళంలోకి చొచ్చుకుపోతుంది, దాని చుట్టూ కొత్త రాయి పేరుకుంటుంది. ఇలాంటి ఉదంతాలు 1970ల చివరి నుంచీ వైద్య సాహిత్యంలో నమోదవుతూనే ఉన్నాయి. కొన్నిసార్లు ఆపరేషన్ జరిగిన ఎన్నో ఏళ్లకు ఇది బయటపడుతుంది. రాళ్ల బాధ పోవాలని వేసిన క్లిప్పే రాయికి విత్తనమవుతుంది. ఇందులో లోహం చేసిన తప్పేమీ లేదు, గట్టిగా పట్టుకోమంటే పట్టుకుంది. ఆ పట్టు ఎక్కడ ముగియాలో ఎవరూ నిర్ణయించకపోవడమే లోపం. ఒక పనికి ఆరంభాన్ని మాత్రమే ఆలోచించి అంతాన్ని కాలానికి వదిలేస్తే, ఆ పని ఎంత నిర్దోషంగా సాగినా అసంపూర్ణమే.

పట్టుకుని ఆపై కనుమరుగయ్యే సాధనం కోసం వెతుకులాట కొత్తది కాదు. చిల్లుపడిన పేగు అంచులను దగ్గరకు చేర్చి నల్లచీమల చేత కరిపించి, ఆ మీదట వాటి మొండేలను తెంపి తలలను అక్కడే ఉంచే పద్ధతిని సుశ్రుత సంహిత వర్ణించింది. చీమ దవడల పట్టు గట్టిది, తల మాత్రం ఒంట్లో నిలిచిపోయే వస్తువు కాదు. ఆధునిక కాలంలో మొదట అందరి దృష్టీ మెగ్నీషియం మీద పడింది. 1878లో ఎడ్వర్డ్ హ్యూస్ రక్తస్రావాన్ని ఆపడానికి రక్తనాళాలను మెగ్నీషియం తీగతో కట్టాడు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో బెల్జియం శస్త్రవైద్యుడు ఆల్బిన్ లాంబొట్ ఒక కుర్రవాడి విరిగిన కాలికి మెగ్నీషియం పలకను ఉక్కు మరలతో బిగించాడు. రెండు వేర్వేరు లోహాలు శరీర ద్రవాల్లో తడిసేసరికి అక్కడొక విద్యుత్ ఘటం ఏర్పడింది. పలక మహావేగంగా తుప్పుపట్టి, చర్మం కింద వాయువు ఉబ్బి, ఎనిమిది రోజుల్లో ముక్కలైపోయింది. ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది, ఆసరా మాత్రం వారానికే చేతులెత్తేసింది. కరిగిపోవడమే ఆదర్శమైతే ఇంతకు మించిన విజయం లేదు. లాంబొట్ దాన్ని వైఫల్యంగానే చూశాడు. మనమూ అలాగే చూస్తాం.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం చేసే విభజన ఇక్కడ పనికొస్తుంది. అక్కడ త్యాగం ఒకటి కాదు, మూడు. చేయవలసిన పనిని మోహం వల్ల వదిలేయడం తామస త్యాగం. కష్టమనీ శరీరానికి శ్రమ అనీ భయపడి వదిలేయడం రాజస త్యాగం, దానికి త్యాగఫలం దక్కదు. పనిని పూర్తిగా చేస్తూనే దాని మీద మమకారాన్నీ ఫలాపేక్షనూ విడవడం సాత్త్విక త్యాగం. వదలడం అనే క్రియ మొదటి రెండింటిలోనూ ఉంది, అయినా గీత వాటిని మెచ్చుకోలేదు. మూడోదాన్ని వేరుచేస్తున్నది చేతిలోని కర్తవ్యంతో దానికున్న సంబంధం. లాంబొట్ పలక విడిచింది నిజమే, కానీ కర్తవ్యాన్ని కూడా కలిపి విడిచింది. కరిగే క్లిప్పును రూపొందించేవారి ముందున్నది సరిగ్గా ఈ తేడాయే. బలమూ భద్రతా మధ్య సమతూకం అని వారు అనేదాన్ని, త్యాగం కర్తవ్యాన్ని మింగేయకుండా చూడటం అనీ చెప్పుకోవచ్చు.

ఈ సమతూకం ఎంత కఠినమో పదార్థాలే చెబుతాయి. నాళాన్ని మూయాలంటే క్లిప్పు మూల దగ్గర బాగా వంగాలి, వంగాక తిరిగి తెరుచుకోకూడదు. టైటానియం దీనికి ఒప్పుకుంటుంది. మెగ్నీషియంలో పరమాణువులు షట్కోణపు అమరికలో ఉంటాయి, గది ఉష్ణోగ్రత వద్ద వాటి పొరలు ఒకదాని మీద ఒకటి జారడానికి దారులు తక్కువ. అందుకే పదునుగా వంచితే వంపులో పగుళ్లు వస్తాయి. పగలకపోయినా అక్కడ ఒత్తిడి పేరుకుంటుంది, ఒత్తిడి ఉన్నచోట తుప్పు త్వరపడుతుంది. అంటే అన్నిటికంటే ఎక్కువ భారం మోసే బిందువే అన్నిటికంటే ముందు క్షీణిస్తుంది. జింకునూ కాల్షియాన్నీ కొద్దిగా కలిపి, లోహపు రేణువులను సన్నబరిచి దీన్ని అదుపులో పెట్టాలని చూస్తున్నారు. పాలిడయాక్సనోన్ వంటి పాలిమర్లతో చేసిన క్లిప్పులు దశాబ్దాలుగా ఉన్నాయి. అవి లోహంలా వంగి నిలవవు కాబట్టి గొళ్లెం పెట్టి బిగించాలి, మందంగానూ చేయాలి. ఆ పదార్థంతో చేసిన కుట్టుదారం నాలుగు వారాలకు సుమారు సగం బలం కోల్పోతుంది, పూర్తిగా ఇంకిపోవడానికి మాత్రం ఆరు నెలల దాకా పడుతుంది. బలం ముందు పోతుంది, ఆకారం ఆ తరువాత ఎప్పుడో పోతుంది. ఈ మధ్యకాలంలో వస్తువు కంటికి కనబడుతూనే ఉంటుంది, దాని మీద ఆధారపడటం మాత్రం కుదరదు.

అయితే ఎన్నాళ్లు పట్టుకోవాలి? ఈ జవాబు పదార్థంలో దొరకదు, గాయాన్ని అడగాలి. గాయం మొదట వాచి శుభ్రపడుతుంది, పిదప కొత్త కండను అల్లుకుంటుంది, చివరికి ఆ అల్లికను నెలల తరబడి గట్టిపరుస్తుంది. చర్మం గాయమైతే మొదటి వారంలో దాని గట్టిదనం నామమాత్రం, మూడు నెలలకు గాని మామూలు చర్మపు బలంలో ఎనభై శాతం దరిదాపుకు రాదు, అంతకు మించి పెద్దగా పెరగదు కూడా. సాధనం గడువును నిర్ణయించవలసింది ఈ లెక్కే. ఆశ్రమ ధర్మాల్లోనూ ఇదే పద్ధతి కనబడుతుంది. గృహస్థు ఎప్పుడు అడవికి వెళ్లాలో చెప్పేటప్పుడు మనుస్మృతి ఇన్నేళ్లని గడువు చెప్పలేదు, గుర్తులు చెప్పింది. ఒంటి మీద ముడతలు, నెరిసిన జుట్టు, కొడుక్కి బిడ్డ. మొదటి రెండు గుర్తులూ వెళ్లేవాడి ఒంటివి. మూడోది వెనక ఉండిపోయేవారిది, ఇంటి భారం మరో తరం భుజానికెత్తుకుందని చెప్పేది. దేవ, రుషి, పితృ రుణాలు తీర్చకుండా మోక్షం వైపు మనసు పెట్టడాన్ని ఆ గ్రంథం తప్పుపట్టింది.

దీనికి సంప్రదాయం లోపలి నుంచే ఎదురుమాట ఉంది. వైరాగ్యం కలిగిన రోజే సన్యసించవచ్చని జాబాలోపనిషత్తు అంటుంది, అందుకు ఆశ్రమాల వరస కూడా అడ్డు కాదంటుంది. సిద్ధార్థుడు పసిబిడ్డను వదిలి వెళ్లిన కథ కూడా ఆ పక్షానే నిలుస్తుంది. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. సత్యాన్వేషణకు అనుమతిపత్రం అడగకూడదన్న నిజం అందులో ఉంది. కానీ ఆ మాట వెళ్లేవాడి ముక్తి గురించి చెబుతోంది, అతని మీద ఆనుకున్నవారి క్షేమం గురించి చెప్పడం లేదు. సిద్ధార్థుడి వెనక తండ్రి శుద్ధోదనుడి రాజభవనం ఉంది, ఆ బిడ్డ నిరాధారుడు కాలేదు. సాధనానికి ముక్తి అక్కర్లేదు. అది ఉన్నదే ఆనుకున్నవారి కోసం. కాబట్టి ఇతరులకు ఆసరాగా నిలవడమే ప్రయోజనమైన చోట జాబాల వాక్యం ప్రమాణం కాదు, కొడుక్కి బిడ్డ పుట్టాడా అన్న ప్రశ్నే ప్రమాణం.

త్వరగా వదలడం ఒక్కటే ప్రమాదమా అంటే కాదు. గుండె రక్తనాళాల్లో పెట్టే కరిగే స్టెంటు చరిత్ర ఇంకో పాఠం చెబుతుంది. ఒంట్లో ఏదీ మిగల్చకూడదన్న ఆదర్శంతో అబాట్ సంస్థ పాలిమర్‌తో చేసిన అబ్జార్బ్ స్టెంటుకు 2016 జులైలో అమెరికాలో అనుమతి దొరికింది. దాని ఊచలు నూట యాభై మైక్రాన్లకు పైబడిన మందం, కొత్తతరం లోహపు స్టెంట్లలో అది దాదాపు ఎనభై. పూర్తిగా కరగడానికి మూడేళ్లు పట్టేలా తయారైంది. ఆ మూడేళ్ల పరిశీలనలో లోహపు స్టెంటు వేయించుకున్నవారి కంటే దీన్ని వేయించుకున్నవారిలో నాళంలో రక్తం గడ్డకట్టడం ఎక్కువగా కనబడింది. 2017 సెప్టెంబరులో సంస్థ అమ్మకాలు ఆపేసింది. మందమైన ఊచలతో పాటు, బలం సడలి విడివడుతున్న ముక్కలు ఇంకా రక్తప్రవాహంలోకి పొడుచుకుని ఉండటం కూడా కారణాల్లో ఒకటని వైద్యులు గుర్తించారు. ఇది ముందే వదలడమూ కాదు, ఎన్నటికీ వదలకపోవడమూ కాదు. మోయడం మానేసి చోటు మాత్రం ఖాళీ చేయకపోవడం. బాధ్యత విడిచి అధికారం అట్టిపెట్టుకున్న పెద్దరికం మన కుటుంబాల్లో, సంస్థల్లో, పీఠాల్లో చేసే చేటు ఈ కోవలోదే. త్యాగానికి రెండు కొసలనే కాదు, నడుమనున్న కాలాన్ని కూడా ఆలోచించాలని అబ్జార్బ్ అనుభవం నేర్పుతుంది.

నశించడం వస్తువు స్వభావమా, బయటి కారణం వల్ల వచ్చేదా అని బౌద్ధులూ నైయాయికులూ వందల ఏళ్లు వాదించుకున్నారు. వస్తువు తన స్వభావం వల్లనే క్షణక్షణమూ నశిస్తుందనీ, నాశనానికి వేరే హేతువు అక్కర్లేదనీ వసుబంధుడు, ధర్మకీర్తి వాదించారు. దుడ్డుకర్ర తగిలితేనే కుండ పగులుతుంది కనుక నాశనానికీ కారణం ఉండాలన్నది న్యాయ పక్షం. క్షణభంగ వాదాన్ని ఖండించడానికి ఉదయనుడు ఆత్మతత్త్వవివేకంలో ఎంతో శ్రమపడ్డాడు. కరిగే క్లిప్పు ఈ రెండు పక్షాలనూ ఇరుకున పెడుతుంది. అదే మెగ్నీషియం మిశ్రమం పొడిగాలిలో ఏళ్ల తరబడి ఉంటుంది, ఉప్పునీటిలో కరుగుతుంది. గాజుపాత్రలోని ద్రావణంలో ఒక వేగం, బతికున్న ఒంట్లో మరో వేగం, రక్తప్రసరణ ఎక్కువున్న చోట ఒకటి, తక్కువున్న చోట ఇంకొకటి. నాశనం ఒక్క వస్తువులోనూ లేదు, ఒక్క పరిసరంలోనూ లేదు, రెంటి సంబంధంలో ఉంది. నాగార్జునాచార్యుడు పరస్పరాశ్రితం అన్న దారికి ఇది దగ్గర. దీని నైతిక ఫలితం చిన్నది కాదు. అంతా అనిత్యమే కనుక ఎప్పుడు పోయినా ఒకటే అనుకోవడానికి ఇక వీలులేదు. సంబంధాన్ని మలచగలిగితే అంతాన్ని మలచగలం, మలచగలిగినదానికి జవాబుదారీ కూడా ఉంటుంది.

పోవడం అంటే ఏమీ మిగలకపోవడం కాదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. మురికినీటిలో చిల్లగింజను అరగదీసి కలిపితే మట్టిని అడుక్కి దింపి తానూ దానితో దిగిపోతుంది. అజ్ఞానాన్ని తొలగించి తానూ తొలగిపోయే జ్ఞానానికి ఇది దృష్టాంతంగా శంకరుల పేరున ఉన్న ఆత్మబోధలో కనిపిస్తుంది. గింజ పొడి మట్టి కంటే ముందు దిగదు, దిగాక మాయమూ కాదు, కుండ అడుగున ఉంటుంది. క్లిప్పుకూ అంతే. ఒక గ్రాము మెగ్నీషియం పూర్తిగా కరిగితే ఇంచుమించు లీటరు హైడ్రోజన్ వెలువడుతుంది. క్లిప్పు బరువు మిల్లీగ్రాముల్లోనే కనుక మెల్లగా కరిగితే ఆ వాయువును శరీరం తేలిగ్గా మోసుకుపోతుంది, ఒక్కసారిగా కరిగితే బుడగలు కడుతుంది. మెగ్నీషియం మన ఒంటికి పరాయిది కాదు, పెద్దవారి శరీరంలో పాతిక గ్రాముల దాకా ఉంటుంది, ఎక్కువైనది మూత్రపిండాలు బయటికి పంపుతాయి. బలం కోసం దానిలో అల్యూమినియం కలిపితే ఆ మాట చెప్పలేం. అందుకే నేటి పరిశోధన జింకు, కాల్షియం వైపు మొగ్గుతోంది. సాయం ముగిశాక దాని శేషాన్ని మోసేది సాయం పొందినవాడే. కనుక ఏమి మిగులుతుందన్నది కూడా సాయంలో భాగమే.

ఇంతకీ క్లిప్పుకు మనసు లేదు కదా, త్యాగం అంటే కర్త ఉండాలి కదా అని అడగవచ్చు. నిజమే, లోహపు ముక్కకు సాత్త్వికత అంటగట్టడం వెర్రి. కానీ దాని గడువును ఎంచుకున్నవారికి మనసుంది. ఎన్ని వారాలు పట్టు ఉండాలి, ఎంత అదనపు బలం ఉంచాలి, అరుదైన దూరపు హానికి ఎంత విలువ కట్టాలి, దగ్గరి ప్రమాదానికి ఎంత అన్నవి తుప్పు రేఖలు చూసి తేల్చేవి కావు. ఎవరి మీద ఏ ముప్పు వేయవచ్చో తేల్చే నిర్ణయాలవి. కొలత పరికరాలు ఆ నిర్ణయానికి ఆధారం ఇస్తాయి, నిర్ణయం మాత్రం మనిషిదే.

టైటానియం సరిపోతుండగా ఈ తంటా ఎందుకన్నది ఇంకా బలమైన అభ్యంతరం. చాలామంది రోగుల విషయంలో దానికి జవాబు, సరిపోతుంది అనే. ఎప్పటికీ ఉండిపోవడం తప్పనిసరి అయిన చోట్లు కూడా ఉన్నాయి. మెదడులో ఉబ్బిన రక్తనాళపు మెడకు 1937లో వాల్టర్ డాండీ వెండి క్లిప్పు వేశాడు. ఉబ్బిన నాళపు గోడ మళ్లీ మునుపటి బలానికి వస్తుందన్న భరోసా లేదు, కనుక ఆ క్లిప్పు ఉన్నంతకాలం ఉండవలసిందే. అక్కడ నిలిచిపోవడాన్ని మమకారం అనలేం, అది ధర్మమే. అరిగిపోయిన తుంటి కీలు స్థానంలో పెట్టిన లోహం సంగతీ అంతే. కాబట్టి ఈ వాదన శాశ్వతానికి విరోధి కాదు. బరువును తిరిగి అందుకునేవారు ఉన్నచోట అప్పగించాలి, లేనిచోట మోస్తూనే ఉండాలి. పిత్తాశయపు నాళం మొదటి రకం, అది తానే మూసుకోగలదు. తన పని తాను చేసుకోగలిగిన శరీరానికి జీవితాంతపు కావలి అనవసరం.

అన్ని శరీరాలూ ఒకే వేగంతో మానవు, మరి ఒకే గడువుతో చేసిన క్లిప్పు అందరికీ ఎలా సరిపోతుందన్నది అన్నిటికంటే చిక్కైన ప్రశ్న. మధుమేహం ఉన్నవారికి, తిండి చాలనివారికి, స్టెరాయిడ్లు వాడేవారికి గాయం ఆలస్యంగా మానుతుంది. సగటు మనిషి కోసం చేసిన గడువు వారి విషయంలో ముందస్తు పలాయనం అవుతుంది. దీనికి పూర్తి పరిష్కారం లేదు, పొరపాటు ఏ వైపు జరగాలో మాత్రం ఎంచుకోవచ్చు. ముందే వదిలితే మొదటి రోజుల్లోనే రక్తస్రావం, పిత్తరసం కడుపులోకి కారడం, ప్రాణం మీదికి రావడం. ఆలస్యంగా వదిలితే కలిగే హాని, టైటానియం ఇప్పటికే కలిగిస్తున్న అరుదైన చిక్కుల కంటే ఎక్కువ ఉండకుండా చూసుకోవచ్చు. పైగా క్లిప్పు స్టెంటులా రక్తప్రవాహం లోపల ఉండదు, నాళానికి బయట మచ్చలో ఒదిగి ఉంటుంది, కనుక దాని ఆలస్యం కొంత ఓర్చుకోదగినది. అందువల్ల గడువును పెట్టవలసింది అందరికంటే మెల్లగా కోలుకునేవారిని చూసి. సమాజం ఇచ్చే ఆసరాలకూ ఇదే కొలత. సగటును చూసి ఉపసంహరించే సాయం అన్నిటికంటే ఎక్కువ అవసరమున్నవాడిని నడిమధ్యలో వదిలేస్తుంది.

కాబట్టి కరిగే క్లిప్పును ఎన్ని నెలల్లో కరిగిందన్న ఒక్క లెక్కతో మెచ్చుకోకూడదు. ప్రయోగశాలలో బరువు తగ్గిన రేఖ పక్కన పట్టు తగ్గిన రేఖ ఉండాలి, ఆ రెంటి పక్కన నాళం కొస గట్టిపడిన రేఖ ఉండాలి. పట్టు సున్నాకు చేరేలోపే గాయం రేఖ దాన్ని దాటాలి. అనిత్యాన్ని నిందగానో వరంగానో చూసే అలవాటు నుంచి కూడా ఈ లెక్క మనల్ని తప్పిస్తుంది. అనిత్యత ఉన్న విషయమే, దాన్ని ఎదిరించలేం. దాన్ని ఒకరి కోలుకోవడానికి అనుగుణంగా కుదర్చగలమా లేదా అన్నదొకటే మన చేతిలో ఉన్నది. పదవి, గురుత్వం, తల్లిదండ్రుల రక్షణ, ప్రభుత్వ సాయం, వీటిలో ఏది విరమిస్తున్నా అడగవలసింది ఎంత హుందాగా తప్పుకుందని కాదు, అది తప్పుకున్ననాటికి ఆ బరువు ఎవరి భుజాన ఉందని.